ముందు సుద్దగీత

ఆలోచనలో పడితే నాకు నోరు మూతబడిపోతుంది. మూడు ఇంటర్వ్యూల్లో జవాబు తెలిసీ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను. "మీ బుర్రలో ఏం నడుస్తోందో మాకెలా తెలుస్తుందమ్మా?" అని మూడుచోట్లా పంపేశారు. ఇక నాలుగోది ఉంది. అదీ పోతే అన్నయ్య ఆఫీసులో ఫోన్లెత్తే పనే గతి, నేర్చుకున్న ప్రోగ్రామింగంతా అటకెక్కినట్టే.

మా మేనత్త దర్జీ. గుడ్డ కత్తిరించేటప్పుడు నోరు ఊరుకోదు.

"చంక దగ్గర అంగుళం వదులుతున్నా... అబ్బే, ఈవిడ చెయ్యి లావు. ఒకటిన్నర."

"ఎవరితో అత్తా ఆ మాటలు?"

"గుడ్డతోనే. కత్తెర పడ్డాక అయ్యో అంటే ఏం లాభం? పైకి అంటే తప్పు ముందే చెవిన పడుతుంది."

"తప్పు పైకి అనాలంటే నాకు సిగ్గు."

"మూగగా చేస్తే పరువు నిలుస్తుందా? కూర్చో. నేను గుండీలు కుడతా, నువ్వు వాగు."

పదిరోజులు ప్రోగ్రాం లెక్కలన్నీ పైకే వాగుతూ చేశాను. ఆవిడకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా నేను ఆగినప్పుడల్లా సూదిమీంచి చూపు తిప్పకుండా "ఊఁ, తర్వాత?" అనేది.

నాలుగో ఇంటర్వ్యూలో నెరిసిన గడ్డపాయన అడిగాడు: బస్సులో ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోకుండా ప్రోగ్రాం ఎలా రాస్తావని. బోర్డు ముందు నిలబడ్డాను. అత్త గుండీల డబ్బా తలుచుకుని మొదలెట్టాను.

"సీటు ఖాళీయేనా అని చూస్తాను. ఖాళీ అయితే పేరడిగి రాసుకుంటాను... ఆగత్తా, ఇది తప్పు!"

అనేశాక చెవులు కాలిపోయాయి. ఆయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "అత్త వింటోంది, కానివ్వమ్మా. ఎందుకు తప్పు?" అన్నాడు.

"ఇద్దరూ ఒకే క్షణంలో చూస్తే ఇద్దరికీ ఖాళీగానే కనబడుతుందండీ. పేరడగక ముందే సీటుమీద సుద్దగీత పడాలి. ఒక్కరే గీయగలగాలి. ఆ మనిషి వద్దని వెళ్ళిపోతే చెరిపేస్తాం."

"సుద్దగీతా?"

"దర్జీలు గీస్తారు కదండీ, కత్తెర పెట్టేముందు."

ఆయన తనతోపాటు ఇంటర్వ్యూ చేస్తున్న పక్కావిడ వైపు చూసి నవ్వాడు.

ఉద్యోగం కాగితం పట్టుకుని దుకాణానికి పరిగెత్తాను. అత్త కత్తెర ఆపలేదు.

"ఉండవే, చంక దగ్గరున్నా."

ఉన్నాను. కత్తెర ఆగింది. కాగితం చూపించాను.

"ఊఁ, తర్వాత? మళ్ళీ మూతబడిందేమే నోరు?"

గుండీల డబ్బా నా ఒళ్ళోకి లాక్కుని సూదిలో దారం ఎక్కించాను.

"ఇవాళ నేను కుడతా అత్తా. నువ్వు వాగు."