మేడ మీద రోజీ

క్రాంతికుమార్ రోజీని తెచ్చినప్పుడు దానికి యాభై రోజుల వయసు. అప్పట్లో అతను ఇంటి నుంచే కంపెనీ పని చేసుకుంటున్నాడు. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో, ఒక కాలనీ చివర వాళ్లది రెండు గదుల సొంత ఇల్లు. తండ్రి పేతురు చనిపోయాక ఇంట్లో తనూ, తల్లి కిష్టమ్మా ఇద్దరే మిగిలారు. ఫోన్‌లో బెల్జియన్ మాలినోయ్ కుక్కల వీడియోలు చూసి చూసి, అలాంటిది తనకూ ఉండాలనుకున్నాడు. ఎత్తైన గోడలు దూకుతాయి, పారిపోయే దొంగని పట్టుకుంటాయి. పోలీసులూ సైనికులూ పనికి పెట్టుకునే జాతి. ఆ సంగతి అతనికి గొప్పగా తోచింది. మరి ఇంట్లో దానికి ఏం పని ఇవ్వాలన్నది మాత్రం తట్టలేదు.

ఇంత చిన్న ఇంట్లో అంత కుక్క ఎందుకని కిష్టమ్మ వారం రోజులు గొణిగింది. ఎనిమిదో రోజు నుంచి దానికి పాలు తనే కలపడం మొదలుపెట్టింది. దాన్ని రోజమ్మా అని పిలిచేది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. తెల్లారగానే క్రాంతి దాన్ని సరూర్‌నగర్ చెరువు వైపు తీసుకెళ్లి గంటసేపు పరిగెత్తించేవాడు. సాయంత్రం బంతి విసిరేవాడు. రోజీ అలసిపోయి అతని కుర్చీ కింద పడుకునేది. తర్వాత ఆఫీసు వాళ్లు వారానికి ఐదు రోజులూ రమ్మన్నారు. మెట్రోలో పోను గంటన్నర, రాను గంటన్నర. పొద్దున పరుగు మొదట అరగంటైంది, ఆ తర్వాత ఆదివారాలకే మిగిలింది, కొన్నాళ్లకు అదీ లేదు. ఇంట్లో ఉంటే రోజీ పరుపులు చింపుతోంది, తలుపులు కొరుకుతోంది. మేడ మీద రేకుల నీడలో గొలుసు వేసి కట్టేశాడు. కట్టిన చోట అది గుండ్రంగా తిరిగేది. తిరిగి తిరిగి నేల మీద బండి చక్రమంత జాడ పడింది.

ఇంటికి వెళ్లగానే ఆ గొలుసు చప్పుడు వినాలి. మెట్లెక్కితే అది ఒక్క ఉదుటున మీద పడుతుంది, బయటికి తీసుకెళ్లమని కళ్లలోకి చూస్తుంది. క్రాంతికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. ఒక రోజు ఎల్బీనగర్ దాకా రాకుండా దిల్‌సుఖ్‌నగర్‌లోనే రైలు దిగాడు. స్టేషన్ కింద ఒక హోటల్లో చాయ్ తాగుతూ గంటసేపు కూర్చున్నాడు. ప్రాణం హాయిగా అనిపించింది. మరునాడూ దిగాడు. నెల తిరిగేసరికి అది అలవాటైంది. ఆఫీసులో పని పెరిగిందని తల్లికి చెప్పాడు. ఆ గంటలో ఫోన్‌లో చూసేది కూడా కుక్కల వీడియోలే. అందులో కుక్కలు పరిగెత్తేవి, మనుషులు చప్పట్లు కొట్టేవాళ్లు.

జూన్‌లో మొదటి వాన పడిన సాయంత్రం హోటల్లో ఉండగా కిష్టమ్మ ఫోన్ చేసింది. రోజీ ఇంకేదో కొరికి ఉంటుందనుకుని అతను ఎత్తలేదు. రెండోసారి మోగితే ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు. ఇంకో చాయ్ చెప్పాడు.

ఇంటికి వెళ్లేసరికి కిష్టమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి తడి తువ్వాలలో చుట్టి ఉంది. మణికట్టు వాచి రంగు మారింది. పక్కన పెంటమ్మ ఉంది. గల్లీ మూలన బండి మీద ఇస్త్రీ చేసే మనిషి. స్నానాల గదిలో జారి పడ్డానని కిష్టమ్మ చెప్పింది. పెంటమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. క్రాంతి ఆటో పిలిచి తల్లిని కొత్తపేటలో దవాఖానకు తీసుకెళ్లాడు. రెండు చోట్ల ఎముక విరిగిందని డాక్టరు సిమెంటు కట్టు కట్టాడు.

మరునాడు బట్టలు ఇవ్వడానికి వెళ్తే పెంటమ్మ ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టింది.

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది గానీ, నాకు మనసున పడ్తలేదు బిడ్డా" అంది. "అమ్మ బాత్రూంల పడలే. నెల దినాల సంది రోజూ సాయంత్రం కుక్కను ఆమెనే తిప్పుతుంది. నిన్న పిల్లగాళ్ల బంతి ఉరికింది, దాని ఎనక కుక్క ఉరికింది. కుక్క మెడపట్టా తాడు చేతికి చుట్టుకొని ఉండె. గట్లనే ఈడ్సుకపోయింది."

"అమ్మ నాకెందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే నువ్వు దాన్ని తోలేస్తవని భయం ఆమెకు. కిందవడ్డంక కుక్క ఆడనే ఆగింది. పక్కకే కూసొని మూలిగింది, కదల్లే. నీకు రెండుమాట్ల ఫోన్ చేసింది. ఎత్తకపోతే, పాపం మీటింగుల ఉన్నడేమో అన్నది."

క్రాంతి బట్టల మూట అక్కడే పెట్టి వచ్చేశాడు. నేరుగా మేడెక్కాడు. ఎన్నాళ్లుగానో రోజీని సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. తోక చివర వెంట్రుకలు లేవు. అదే కొరుక్కుని పుండు చేసుకుంది. పుండు మీద పసుపు పూసి ఉంది. ఎవరు పూశారో అడగనక్కర్లేదు. అతను గొలుసు విప్పి దాన్ని కిందికి తెచ్చి, తల్లి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆఫీసులో పనేమీ పెరగలేదని, హోటల్లో కూర్చుంటున్నానని, ఫోన్ చూసి కూడా ఎత్తలేదని చెప్పాడు.

కిష్టమ్మ ఎడమ చేత్తో రోజీ చెవి వెనక గోకింది.

"నాకెర్కే" అంది. "చర్చిల ఎలిజబెత్ చెప్పింది. వాళ్లాయన చూసిండట, నువ్వు రోజూ ఆడ కూసుంటున్నవని."

"మరి అడగలేదేందమ్మా?"

"ఏమని అడగాలె? పొద్దుగాల పోతవు, రాత్రికొస్తవు. నువ్వు సుత ఎక్కడనో ఓ దగ్గర కూసోవాలె గద. ఇదేమో మీద పిచ్చిదాని లెక్క తిరుగుతుండె. చూడలేక నేనే తీస్కపోయిన."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. సంజాయిషీ ఏదైనా చెప్పుకునేవాడు. 

రోజీని పశువుల డాక్టరుకి చూపిస్తే, పుండుకి మందు రాసి, సాంబమూర్తి గారనే ఒక పెద్దాయన నంబరు ఇచ్చాడు. సాంబమూర్తి గారిది గుంటూరు వైపు. పోలీసు కుక్కలకు తర్ఫీదు ఇచ్చి రిటైరయ్యాడు. అల్మాస్‌గూడ చివర ఖాళీ స్థలంలో ఐదారు కుక్కలను పెంచుతూ, కూలిన భవనాల కింద చిక్కుకున్న మనుషులను వెతకడం నేర్పుతున్నాడు. క్రాంతి ఫోన్ చేస్తే ఆయన వచ్చి ముందు మేడ చూశాడు. నేల మీద గుండ్రటి జాడ చూసి, చెప్పుతో ఒకసారి రుద్దాడు.

"రోజుకి ఎంతసేపు పరిగెత్తిస్తారండీ?"

గంట అని చెప్పబోయాడు క్రాంతి. నోటిదాకా వచ్చింది.

"పరిగెత్తించనండి" అన్నాడు.

సాంబమూర్తి గారు తల ఊపాడు. కోప్పడలేదు. "ఇది పడుకోవడానికి పుట్టిన జాతి కాదు బాబూ. పని చెప్పకపోతే తన తోకే తను తింటుంది. నాకివ్వండి, నేను చూసుకుంటాను" అన్నాడు.

కిష్టమ్మ వద్దనలేదు. ఎడమ చేత్తో అన్నం, గుడ్డు కలిపి పెట్టింది. రోజీ తిని, ఎక్కడికో తీసుకెళ్తున్నారన్న సంబరంతో జీపులోకి ఒక్క గెంతు గెంతింది. జీపు మలుపు తిరిగాక క్రాంతికి గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేకపోయాడు.

కట్టు విప్పిన తర్వాత, సెప్టెంబరులో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక తల్లీ కొడుకులిద్దరూ ఆటోలో అల్మాస్‌గూడ వెళ్లారు. కిష్టమ్మ చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. ఇక తిరగదని డాక్టరు చెప్పాడు. అక్కడ సిమెంటు గొట్టాల కుప్పలో ఒక మనిషి దాక్కుని ఉంటే రోజీ వాసన పట్టుకుంటూ వెళ్లి, సరిగ్గా ఆ గొట్టం ముందు నిలబడి మొరిగింది. తోక మీద వెంట్రుకలు వచ్చాయి. పని ముగిశాక వదిలితే బాణంలా వచ్చి క్రాంతి భుజాల మీద రెండు కాళ్లూ వేసి ముఖమంతా నాకింది. దానికి ఏ కోపమూ లేదు. కాస్తయినా ఉంటుందేమోనని అతను దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. తర్వాత అది కిష్టమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె మీద మాత్రం ఎక్కలేదు. ఎదురుగా కూర్చుని తల ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు చెప్పిన మాట వింటోందండి" అన్నాడు సాంబమూర్తి గారు. "పొద్దున గంట, సాయంత్రం గంట మీరు కేటాయించగలిగితే తీసుకెళ్లండి. నాకేం అభ్యంతరం లేదు."

కిష్టమ్మ తలెత్తి కొడుకు వైపు చూసింది.  ఆమెకు ఏం కావాలో అతనికి తెలిసింది. సరే అనడం ఎంత తేలికో కూడా తెలిసింది. రెండు నెలలు ఆ మాట నిలుపుకుంటాడు, మహా అయితే మూడు. ఆ తర్వాత సంగతి అతనికి బాగా తెలుసు.

"వద్దండీ. ఇక్కడే ఉండనియ్యండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కిష్టమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. కొంగు మీద రోజీ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని దులుపుకోలేదు. మళ్లీ ఆదివారం వద్దామా అని క్రాంతి అడిగాడు. ఊ అంది.