మామ చెయ్యి పడ్డ ఇంజన్

జగదీష్‌కు ఉన్నది ఒకటే కోరిక. బతుకులో ఒక్క పనైనా మొదటి నుంచి చివరిదాకా, ఎవరి సలహా లేకుండా, తన చేతులతో తాను చేసి "ఇది నేను చేసింది" అని చెప్పుకోవాలి. అదేమంత పెద్ద కోరిక కాదు. కానీ అతని జాతకం అలా ఉంది మరి. చదువు తండ్రి చెప్పింది చదివాడు. పెళ్లి పెద్దలు కుదిర్చారు. టేకులపల్లిలో ఇల్లు కట్టుకుంటే వాకిలి ఎటు ఉండాలో మామ హాతీరాం చెప్పాడు, కిటికీలు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఇక మండల ఆఫీసులో పొద్దంతా ఒకరు రాసిన కాగితాన్ని ఇంకొకరికి పంపడమే ఉద్యోగం. నలభై దాటిన మనిషికి ఇలాంటి దురద పుడితే పెరట్లో నాలుగు వంకాయ మొక్కలు పెట్టుకోవాలి. ఇతను పోయి పోయి ఒక పాత కారును ఇంటికి తెచ్చుకున్నాడు.

తాబేలులా గుండ్రంగా ఉంటుందే, విదేశీ కారు, అది. సత్తుపల్లి దగ్గర వెంకటప్పయ్య అనే పెద్ద రైతు గొడ్లచావిడిలో ఏళ్ల తరబడి పడి ఉంది. జగదీష్ అడగ్గానే ఆయన నవ్వి, "తీసుకుపోవయ్యా బాబూ, గేదెకు చోటన్నా దొరుకుద్ది" అన్నాడు. ట్రాక్టర్‌కు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ కారు ఇంజన్ వెనక ఉంటుంది. దానికి నీళ్లు అక్కర్లేదు. ఒక ఫ్యాన్ గాలిని తోస్తే, చుట్టూ బిగించిన రేకులు ఆ గాలిని సిలిండర్ల మీదుగా తీసుకుపోయి చల్లబరుస్తాయి. కొత్తగూడెం నెట్ సెంటర్లో తీయించుకున్న ఇంగ్లీషు కాగితాల్లో జగదీష్ ఇదంతా చదివాడు. నాలుగు బోల్టులు తీసి, ఇంజన్‌ను జాకీ మీద కిందికి దించి, ఇంటి పక్క రేకుల షెడ్డులోకి ఈడ్చిన రోజు అతనికి అన్నం సయించలేదు. అంత సంతోషం.

ఆ సంతోషం ఆదివారం దాకా ఉంది.

హాతీరాం మామూలు మామ కాదు, మెకానిక్ మామ. కొత్తగూడెం గ్యారేజీలో ముప్పై ఏళ్లు బొగ్గు లారీలు విప్పి బిగించినవాడు. ఇల్లెందు నుంచి మణుగూరు దాకా ఏ డ్రైవర్‌నడిగినా ఆయన పేరు చెబుతాడు. రిటైరై తండాలో కూర్చున్నాక చేతులు ఊరికే ఉండక, చేలో మోటార్లు, ఊళ్లో మిక్సీలు కూడా వదలడం లేదు. అల్లుడి ఇంట్లో ఇంజన్ విప్పారని కూతురు ప్రమీల ఫోన్లో నోరు జారింది. ఆదివారం మొదటి బస్సుకే దిగాడు. ఇంట్లో లంబాడీలో మాట్లాడుకునే మామా అల్లుళ్లు షెడ్డులోకి రాగానే తెలుగులోకి మారిపోయేవాళ్లు. పానాలకు, బోల్టులకు తండాలో పేర్లు పెట్టిన వాళ్లు లేరు కదా.

"ఏందల్లుడా గిది? రేడియేటర్ ఏది? నీళ్లు ఏడ పోస్తరు?" అన్నాడు హాతీరాం, ఇంజన్ చుట్టూ తిరుగుతూ.

"నీళ్లుండయ్ మామా. గాలితోనే సల్లబడ్తది."

"గాలితోనా! మన దిక్కు ఎండకు గాలే ఉడుకుతది. గట్లెట్ల సల్లబడ్తదయ్యా?" అని, జవాబు కోసం ఆగకుండా లుంగీ ఎగ్గట్టి కూర్చుని పానా అందుకున్నాడు.

అప్పుడే ఒక్క మాట అనాల్సింది. "మామా, ఇది నేను చేసుకుంటా" అంటే సరిపోయేది. ఆ మాట జగదీష్ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. మామకు అల్లుడు అడ్డం చెప్పడం వాళ్ల తండాలో లేదు. మామ అన్నదానికి తలూపాలి, కాస్త దూరం జరగాలి, వీలైతే చాయ్ తెప్పించాలి. జగదీష్ మూడూ చేశాడు.

ఆ రోజు మొదలు, వారమంతా జగదీష్ చేసిన పని ఆదివారం మామ చేతిలో పడేది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే షెడ్డులో దూరి, ఒక్కో ముక్కనూ కిరోసిన్‌లో కడిగి, పాత చీర పేలికతో తుడిచి, కాగితాల్లో చెప్పిన వరసలో గోనె మీద పేర్చేవాడు. ఆదివారం సాయంత్రానికి ఆ వరస ఉండేది కాదు. "గిట్ల పేరిస్తే ఎప్పటికైతది" అని హాతీరాం చిన్నవన్నీ ఒక డబ్బాలో, పెద్దవన్నీ ఒక తట్టలో పోసేవాడు. సోమవారం జగదీష్ ఆ డబ్బా ముందు కూర్చుని పళ్లు నూరేవాడు. ఏ వాషర్ ఏ బోల్టుదో తేలేసరికి బుధవారం వచ్చేది.

ఒక్కసారి మాత్రం మామ లేకుండానే పెద్ద చిక్కు వచ్చింది. ఈ ఇంజన్ డొక్క కొబ్బరికాయలా రెండు చిప్పలు. మధ్యలో ఇంజన్‌ను తిప్పే ఇరుసు, క్రాంకు, పెట్టి, రెండు చిప్పలూ మూసి బిగించాలి. జగదీష్ బిగించాడు. క్రాంకు తిరగలేదు. విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ తిరగలేదు. వారమంతా అదే పాట్లు. ప్రమీల గుమ్మంలో నిలబడి, "ఇనుప సామానోడు వీధిల తిరుగుతున్నడు, పిలవాల్నా?" అని అడిగితే కసిరాడు. చివరికి కాగితాలు పక్కన పడేసి, ఒక్కో బేరింగునూ వేలితో తడిమి చూశాడు. ఒక బేరింగుకున్న చిల్లు డొక్కలోని మేకు మీద సరిగా కూర్చోలేదు. వెంట్రుకంత పక్కకు జరిగింది. దాన్ని తిప్పి కూర్చోబెట్టి బిగిస్తే క్రాంకు చేత్తో తిప్పినా నూనెలో జారినట్టు తిరిగింది. జగదీష్ దాన్ని తిప్పుతూనే కూర్చున్నాడు. ప్రమీలను పిలిచి తిప్పి చూపించాడు. ఆమెకేం అర్థం కాలేదు గానీ, మొగుడి మొహం చూసి తనూ ఒకసారి తిప్పింది.

ఆదివారం హాతీరాం వచ్చి దాన్ని తిప్పి చూసి, "లూజున్నది" అన్నాడు.

లూజు లేదు. ఏ నట్టు ఎంత బిగించాలో కాగితాల్లో ఉంది, జగదీష్ అంతే బిగించాడు. ఆ డొక్క మెత్తటి లోహం, ఎక్కువ బిగిస్తే మరలు ఊడొస్తాయని కూడా చదివాడు. చదివిన ముక్క గొంతులో ఉండగానే హాతీరాం పొడుగు పానా పెట్టి, లారీ చక్రం బిగించినట్టు ఇంకో చుట్టు వేశాడు. టక్కున చప్పుడైంది. నట్టు ఎక్కే స్టడ్డు డొక్క లోపలి మరలతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

"సూసినవా, పాతది. ఎన్నడో పాడైంది" అన్నాడు హాతీరాం తాపీగా. "ఖమ్మంల లేతు మిషనోని కాడికి తీస్కపో, మర ఏసిస్తడు."

"అట్లనే మామా" అన్నాడు జగదీష్. సెలవు పెట్టి, ఆ డొక్కను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఖమ్మం పోయాడు. దారి పొడుగునా మామను మనసులో తిట్టని తిట్టు లేదు. ఇంటికొచ్చాక ప్రమీల మీద అరిచాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "మా నాయన మీది కోపం మా నాయన ముంగట సూపియ్యి. నా మీదేంది?" అంది. అయినా ఆ ఆదివారం కూడా మామ వస్తే కోడికూర వండమని తనే చెప్పాడు.

ఎండాకాలంలో అసలు ఘోరం జరిగింది. జగదీష్ పెళ్లికని పినపాక పోయి వచ్చేసరికి హాతీరాం షెడ్డులో ఉన్నాడు. ఇంజన్ చుట్టూ బిగించాల్సిన రేకులు గోనె మీద లేవు. కోళ్ల గూటి మీద ఉన్నాయి. వంపులు వంపులుగా ఉండాల్సిన వాటిని సుత్తితో సాపు చేసి, మేకులు కొట్టి, గూటికి కప్పేశాడు.

"ఎండలు సూడు ఎట్లున్నయో. ఇంజన్‌కు దుప్పటి కప్పినట్టు గీ రేకులేంది? ఇడిసిపెడితే గాలన్న తగుల్తది" అన్నాడు మామ, చెమట తుడుచుకుంటూ. అల్లుడికి మేలు చేశానన్న తృప్తి ఆ మొహంలో కనబడుతూనే ఉంది.

ఆ రేకులు లేకపోతే ఫ్యాన్ గాలి అటూ ఇటూ పోతుంది, ఇంజన్ కాలిపోతుంది. కాగితాల్లో ఆ వాక్యం కింద జగదీష్ ఎర్రపెన్నుతో గీత కూడా గీసుకున్నాడు. అయినా నోరు తెరిచి, "మంచిదే మామా" అన్నాడు. అని, పెరటి వెనక్కి పోయి గోడను కాలితో తన్నాడు. బొటనవేలి గోరు నల్లబడింది. కొత్త రేకులు బొంబాయిలో దొరుకుతాయని ఎవరో చెప్పారు. తెప్పించవచ్చు. కానీ తెప్పిస్తే మామ కళ్ల ముందు బిగించాలి. ఆ ధైర్యమే ఉంటే ఇంతదాకా ఎందుకు వస్తుంది? వానలు పోయి చలి మొదలయ్యాక, చలికాలమే కదా ఏం కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి సర్దుబాట్లలో మన జగదీష్‌ను మించినవాడు లేడు.

కార్తీకంలో ఇంజన్ స్టార్టయింది. కుట్టుమిషన్ లాంటి చప్పుడు చేస్తూ, షెడ్డు నిండా పొగ వదిలింది. వీధి వీధంతా వచ్చింది. హాతీరాం ఇంజన్ మీద చెయ్యి వేసి అందరితో, "నేను, మా అల్లుడు గల్సి చేసినం" అన్నాడు. ఆ "నేను" ముందు రావడం జగదీష్‌కు గుచ్చుకుంది. ఎవరూ అడగకుండానే మామ ముహూర్తం కూడా పెట్టేశాడు. ఆదివారం పర్ణశాల పోయి, గోదావరిలో స్నానం చేసి రావాలి.

ఇంజన్‌ను మళ్లీ కారుకు బిగించుకుని ఆదివారం పొద్దున బయల్దేరారు. జగదీష్ స్టీరింగ్ ముందు, పక్క సీట్లో హాతీరాం, వెనక ప్రమీల. మామ కాళ్ల దగ్గర నీళ్ల క్యాను ఉంది. నీళ్లు లేకుండా బండెక్కడం ఆయనకు అలవాటు లేదు. టేకులపల్లి దాటి అడవిలోకి వచ్చేదాకా ఆయన నోరు ఆగలేదు. "గేరు మార్చు. హారన్ కొట్టు. మూలమలుపు, జర మెల్లగ." కొత్తగూడెం ఇంకా రానేలేదు, స్టీరింగ్ ముందు ఎర్రదీపం వెలిగింది. వెనక నుంచి మాడు వాసన వచ్చింది. బండి చతికిలబడి, రోడ్డు కింద వాగునీళ్లు పోయే ఒక మోరీ దగ్గర ఆగిపోయింది.

జగదీష్ దిగి వెనక మూత ఎత్తేసరికి సెగ మొహాన కొట్టింది. నూనె చిటపటలాడుతోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. రోజూ సాయంత్రం చేతులు కాయలు కాచేలా కడిగి, తుడిచి, బిగించిన ఇంజన్.

"నే మొదట్నే అన్న. దూప గొన్నది పాపం. జరుగు" అంటూ హాతీరాం క్యాను మూత తిప్పుతూ వచ్చాడు.

ఎర్రగా కాలిన సిలిండర్ల మీద చన్నీళ్లు పడితే అవి నిలువునా పగులుతాయి. ఆ తర్వాత ఇక ఏ లేతు మిషనూ బాగుచేయలేదు. జగదీష్‌కు ఆ సంగతి తెలుసు. మాట మళ్లీ నాలుక చివరికి వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. క్యాను వంగింది.

"వద్దు!"

అరిచింది తానేనని జగదీష్‌కు కాసేపటిదాకా తెలియలేదు. మామ మణికట్టు తన పిడికిట్లో ఉంది. క్యాను కిందపడి నీళ్లు రోడ్డు మీద పారుతున్నాయి. ప్రమీల కారులోంచి తల బయట పెట్టింది.

"నీళ్లు పోస్తే పగుల్తది మామా. ఇది నీళ్ల బండి కాదు. ఆ రేకులు తీసుడే తప్పు. అయ్యి ఉంటేనే గాలి లోపట తిరుగుతది. నాకు ఎరుకనే..." అని, అక్కడ ఆగిపోయాడు.

హాతీరాం తన మణికట్టు వైపు చూసుకున్నాడు. జగదీష్ చెయ్యి వదిలాడు. ఇప్పుడు తిడతాడు, బస్సెక్కి తండాకు పోతాడు, పెద్దమనుషుల్ని పిలుస్తాడు అని ఎదురుచూశాడు. హాతీరాం పోయి మోరీ గోడ మీద కూర్చున్నాడు.

"రేకులు తీసిననాడే నీకెరుకనా?" అని అడిగాడు.

"అవ్."

"స్టడ్డు ఊడిననాడు?"

"గట్ల బిగించొద్దని ముందే చదివిన."

"మరెందుకు సెప్పలే?"

"మామవు గదా."

హాతీరాం మణికట్టు రుద్దుకున్నాడు. "గ్యారేజీల దినాం నన్ను వద్దనెటోళ్లు. తప్పు బిగిస్తే లారీ లోయల పడ్తది, అనాలె గదా. నువ్వు ఒక్కనాడన్న వద్దంటివా? తలూపితివి, చాయ్ తెప్పిస్తివి, కోడిని కోయిస్తివి. నడుము నొస్తున్నా, అల్లుడు నా కోసం సూస్తుంటడని బస్సెక్కి వచ్చిన."

జగదీష్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ మోసిన కోపాన్ని ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మామ అడ్డమొచ్చాడనుకున్నాడు. తలుపు తీసిపెట్టి రమ్మన్నది తనే.

"సరే గానీ, వచ్చే ఆదివారం రావాల్నా, వద్దా? నా మొఖం సూసి సెప్పకు. ఉన్నది సెప్పు" అన్నాడు హాతీరాం.

"రా మామా" అనడం చాలా తేలిక. ఎప్పుడూ అనేది అదే. ముసలాయన కళ్లు కూడా ఆ మాటే వినాలనుకుంటున్నాయని స్పష్టంగా కనబడుతోంది.

"వద్దు మామా" అన్నాడు జగదీష్. "ఇది మళ్ల విప్పి, బిగించి, నడిచేదాకా రావద్దు. నేనొక్కన్నే చేస్కుంటా."

హాతీరాం తలూపాడు. ఆయన మొహం చిన్నబోయింది. "గట్ల సెప్పాలె" అన్నాడు గానీ, గొంతులో ఎప్పటి జోరు లేదు. లేచి లుంగీ దులుపుకుని కారు దగ్గరికి నడిచాడు. పొద్దున తాను కూర్చున్న ముందు సీటును వంచి, మోకాళ్లు పట్టుకుని కష్టంగా వెనక్కి దూరి, కూతురి పక్కన కూర్చున్నాడు. ఇంజన్ చల్లారేదాకా ఆగుదామని జగదీష్ పోయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కనున్న ముందు సీటు ఖాళీగా ఉండటం జగదీష్‌కు బాధగానే ఉంది. అయినా మామను ముందుకు రమ్మని పిలవలేదు.