అతుకు గదిలో మైనం

కేకు రేకుకు పందికొవ్వు ఎవరు రాయాలన్న దగ్గర ఆ ఆదివారం సాయంత్రం గొడవ మొదలైంది.

"రెండు వేళ్లతో ఇలా తిప్పితే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అంది అత్తగారు ఎర్సీలియా.

"రేపు పొద్దున షిఫ్టుందత్తయ్యా. కొవ్వు తాకకూడదు," అంది ఒర్నెల్లా.

"సబ్బుతో కడుక్కో."

"పోదు. గోళ్ల సందుల్లో ఉండిపోతుంది."

"పందికొవ్వు తాకితే మీ హెలికాప్టర్లు కింద పడిపోతాయా?"

"పడతాయి. అందుకే తాకను."

ఎర్సీలియా కొవ్వు గిన్నె బల్ల మీద ఠపీమని పెట్టి మొగుడి వైపు తిరిగింది. "విన్నావా అంబ్రోజో? పెళ్లయిన దగ్గర్నుంచీ కొవ్వు పిసుకుతూనే ఉన్నా. ఇప్పటిదాకా నా వల్ల ఆకాశంలోంచి ఏదీ రాలిపడలేదు."

పొయ్యి పక్కన కూర్చున్న అంబ్రోజో తల ఎత్తలేదు. "రేకుల పని కదా. దానికన్నీ భయాలే. చెక్క ఇంత సుకుమారం పోదు," అన్నాడు.

చివరికి ఒర్నెల్లా భర్త దారియో పేపరు పక్కన పడేసి తనే రాశాడు. మూలలు వదిలేశాడు. కేకు అడుగంటింది. దాని గురించి మర్నాడు పొద్దున కాఫీ దాకా మాట వినపడుతూనే ఉంది.

ఒర్నెల్లా పనిచేసేది ఫ్యాక్టరీలో అతుకు గదిలో. పల్చటి అల్యూమినియం రేకుల మధ్య జిగురు పొర పరిచి, ఓవెన్‌లో పెట్టి, హెలికాప్టర్ రెక్కలు తయారుచేస్తారక్కడ. మేకులు ఉండవు, మరలు ఉండవు. గాలిలో తిరిగే ఆ రెక్కను పట్టి ఉంచేది జిగురొక్కటే. దానికి జిడ్డు పడదు. అందుకే ఆ గదిలో ఆడవాళ్లు చేతులకు క్రీము రాసుకోరు, తలకు నూనె పెట్టుకోరు, తెల్లటి నూలు తొడుగులు లేకుండా రేకు ముట్టుకోరు. రేకులు తుడిచే మందుకి ఒర్నెల్లా వేళ్లు చలికాలమంతా పగిలి నెత్తురు కారుతూ ఉండేవి. ఆ గదిలోకి రావడానికి ఆమె రెండేళ్లు సీట్ల కవర్లు కుట్టింది. వచ్చాక మూడో బల్లకు పెద్దను చేశారు.

ఆ ఫ్యాక్టరీ ఆ ఊరికి పాతదే. తాతల కాలంలో గుడ్డ రెక్కల విమానాలు కట్టింది. యుద్ధంలో బాంబులు తింది. యుద్ధం ఓడిపోయాక విమానాలు కట్టొద్దన్నారు కాబట్టి మోటారు సైకిళ్లు చేసి పొట్ట పోసుకుంది. ఆ తర్వాత అమెరికా వాళ్ల దగ్గర హక్కు కొనుక్కుని హెలికాప్టర్లు మొదలుపెట్టింది. మొదట్లో వాటి రెక్కలు చెక్కవే. విమానాల మెకానిక్కులకు చెక్క గుణం ఏం తెలుస్తుందని, బ్రియాంత్సా ప్రాంతం నుంచి కుర్చీలూ బీరువాలూ చేసే వడ్రంగుల్ని పిలిపించారు. అలా వచ్చినవాడే అంబ్రోజో. సన్నటి చెక్క పట్టీలు ఒకదాని మీద ఒకటి అతికించి, చిత్రిక పట్టి, రెండు రెక్కల్నీ ఒక జంటగా తూచేవాడు. ఒకదాని మీద వార్నిష్ కాస్త మందంగా పడితే త్రాసు చెప్పేసేది. జంటలో ఒకటి దెబ్బతింటే రెండోదాన్నీ పక్కన పెట్టేవాళ్లు. అందుకని వాటిని కవలలనేవాళ్లు.

రేకు రెక్కలొచ్చాక చెక్క కొట్టు ఖాళీ అయిపోయింది. అంబ్రోజోని ఎవరూ పొమ్మనలేదు. ఆ రేకు రెక్కల్ని ఊళ్లకు పంపడానికి పెట్టెలు చేయమన్నారు, అంతే. "ఏం అంబ్రోజో, పెట్టెలేనా, శవపేటికలా?" అని క్యాంటీన్‌లో పరాచికాలాడేవారు. ఆయన రొట్టె నములుతూ ఊరుకునేవాడు. ఇంట్లోనూ ఆ ఊసు ఎత్తేవాడు కాదు.

కేకు గొడవకి కొద్ది రోజుల ముందు, కొత్త సంవత్సరం దాటగానే వచ్చిన ఒర్నెల్లా పుట్టినరోజుకి ఆయన ఒక చిన్న వాల్‌నట్ పెట్టె చేసిచ్చాడు. ఎక్కడా మేకు లేదు. లోపలా బయటా తేనెమైనం పట్టించి, అద్దంలా మెరిసేదాకా రుద్దాడు.

"నీ తొడుగులు పెట్టుకో. డ్రాయర్లో దుమ్ము పట్టిపోతున్నాయి," అన్నాడు.

పని తొడుగులు ఇంటి దగ్గర ఉతుక్కుని ఆమె అందులోనే పెట్టుకోవడం మొదలుపెట్టింది.

కేకు గొడవ జరిగిన వారంలో బుధవారం నాడు మూడో బల్ల నమూనా ఊడిపోయింది. ప్రతి రెక్కతోపాటూ అదే రేకుతో, అదే చేత్తో, ఒక చిన్న ముక్క అతికించి అదే ఓవెన్‌లో పెడతారు. మర్నాడు ఫోర్‌మన్ జెలిందో దాన్ని బిగించి లాగుతాడు. మంచి అతుకైతే ఊడేటప్పుడు కీచుమంటుంది, జిగురు రెండు వైపులా చీలి అంటుకుంటుంది. ఒర్నెల్లా ముక్క ఉడికిన బంగాళాదుంప తొక్కలా చప్పుడు లేకుండా వచ్చేసింది. దానితోపాటు రెక్క కూడా పనికిరాకుండా పోయింది. మర్నాడూ అంతే. శుక్రవారం ల్యాబు నుంచి మాట వచ్చింది.

"మైనమట ఒర్నెల్లా. చర్చిలో కొవ్వొత్తులు గానీ ఎత్తుకొస్తున్నావా?" అన్నాడు జెలిందో.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

ఆమె చేతిలో ఉన్న తొడుగును ముక్కు దగ్గర పెట్టుకుంది. తేనె వాసన. ఇన్నాళ్లూ ఆ వాసన ఆమెకు ఇంటి వాసన, అంతకంటే ఇంకేమీ అనిపించలేదు. మామగారి పేరు చెబితే ఏమవుతుందో ఆ క్షణంలోనే కళ్లకు కట్టింది. చెక్కవాడు రేకు మీద పగ తీర్చుకున్నాడని మధ్యాహ్నం భోజనాలకల్లా ఫ్యాక్టరీ అంతా పాకిపోతుంది. శవపేటికల మాట కంటే అది చాలా పెద్దది.

"చేతులు పగిలితే రాసుకున్నాను," అంది.

జెలిందో ఊడిన ముక్కను బల్ల మీద పెట్టాడు. "నువ్వా? సరే. రూలు నీకు తెలియంది కాదు. సోమవారం నుంచి స్టోరుకి వెళ్లు. ఈ గదిలోకి మళ్లీ రాకు."

ఇంటికొచ్చి తొడుగులన్నీ సోడా వేసి ఉడకబెట్టి, పొయ్యి పైనున్న తీగ మీద ఆరేసింది. పెట్టెను బీరువా మీదికి నెట్టింది.

దారియో బస్సు డ్రైవరు. ఊళ్లో సంగతులు అతని బస్సు ఎక్కకుండా ఉండవు. శనివారం మధ్యాహ్నం వస్తూనే, "నిన్ను స్టోరుకి మార్చారటగా? చేతులకి మైనం రాసుకున్నావట. నాకు చెప్పనే లేదు!" అన్నాడు.

"చెప్పేదేముంది," అంది ఒర్నెల్లా.

"వేళ్లకి మైనం రాసుకుంటావు గానీ నా కేకు రేకుకి మాత్రం కొవ్వు రాయవు!" అంది ఎర్సీలియా.

అంబ్రోజో పొయ్యి దగ్గర్నుంచి తల ఎత్తాడు. కోడలి చేతుల వైపు చూశాడు. కణుపు కణుపునా ఎర్రటి పగుళ్లు. కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి. మైనం రాసిన చేతులు అలా ఉండవు. తర్వాత ఆయన చూపు తీగ మీద వేలాడుతున్న తొడుగుల మీదికి, అక్కణ్నుంచి బీరువా మీదికి వెళ్లింది. లేచి పెట్టె దించి, మూత తీసి, లోపలి అంచు వెంట వేలితో గీశాడు. వేలు చూసుకున్నాడు. పెట్టె మళ్లీ ఉన్నచోటే పెట్టేసి, దొడ్లోని షెడ్డులోకి వెళ్లిపోయాడు. పొద్దుగూకేదాకా అక్కడ రంపం చప్పుడు గానీ సుత్తి చప్పుడు గానీ వినపడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఎర్సీలియా కుంకుమపువ్వు వేసి వండిన రిజోత్తో అన్నం వడ్డించింది. అంబ్రోజో రుమాలు మెడ దగ్గర దోపుకున్నాడు గానీ చెంచా ముట్టుకోలేదు.

"రేపు పొద్దున జెలిందో దగ్గరికి వెళ్తున్నా," అన్నాడు.

"అతనితో నీకేం పని?" అంది ఎర్సీలియా.

"మైనం నాదని చెప్పాలి. పెట్టెకి పట్టించింది నేను. అందులోంచి తొడుగులకి, తొడుగుల నుంచి రేకుకి. పెట్టె కూడా పట్టుకెళ్తా, వాసన చూసుకుంటాడు."

దారియో నమలడం ఆపేశాడు. ఒర్నెల్లా చేతులు బల్ల కిందికి లాక్కుంది.

"వద్దు మామయ్యా. వాళ్లు ఏమంటారో మీకు తెలియదు."

"నాకు తెలియదా? నిన్న మొన్నటి నుంచా నేను వాళ్లతో కూర్చుని తింటున్నది?"

"కావాలనే చేశావంటారు. చచ్చేదాకా అంటారు," అంది ఎర్సీలియా. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"అంటారు. అననీ. నా పెట్టెలు నేను చేసుకుంటా. దాని బల్ల దానికి ఇవ్వమంటా. ఇవ్వకపోతే ఇచ్చేదాకా గుమ్మంలో నిలబడతా. ఎలాగూ ఇప్పుడు నా కోసం ఎదురుచూసే పనేం లేదక్కడ."

ఒర్నెల్లా ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయిపోయింది. ఎర్సీలియా, ఆ చీజు ఇటివ్వు."