మూడు గుడ్లు

పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి కోళ్లగూడు తలుపు తీయడం ఆ ఇంటి పెద్దావిడకు అలవాటు. ఉన్నవి మూడు పెట్టలే. గుడ్లు మాత్రం మర్నాడు ఆ ఇంట్లో ఎంతమంది టిఫినుకి కూర్చుంటారో లెక్కగా అన్ని పెడతాయి. ఇంట్లో ఆవిడ, లిఫ్టులు బాగుచేసే కొడుకు, కోడలు, లాండ్రీలో ఇస్త్రీ చేసే కూతురు. అందుకని రోజూ నాలుగు. ఎప్పుడైనా ఏడు కనిపిస్తే, "అత్తయ్యా, మీ చెల్లెలుగారు పిల్లాజెల్లాతో దిగుతున్నారు," అని కోడలు నిట్టూర్చి దుప్పట్లు ఎండేసేది. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. కోళ్లన్నాక గుడ్లు పెట్టవా మరి?

ఆ మంగళవారం మూడే ఉన్నాయి.

గడ్డంతా ఎత్తి చూశారు. కొడుకు టార్చి వేసి గూటి కింద కూడా వెతికాడు. నాలుగోది లేదు. నలుగురి ముఖాల్లోనూ కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇవాళ నేను లిఫ్టు గుంటలోకి దిగనుగాక దిగను," అన్నాడు కొడుకు, అక్కడే చతికిలబడి.

"పెద్దదాన్ని నేనుండగా నువ్వెందుకు పోతావురా? ఆ లేని గుడ్డు నాదే," అంది పెద్దావిడ.

"అలా అనకండి అత్తయ్యా!" కోడలు బావురుమంది.

పెద్దావిడ ఒకటి అనుకుందంటే ఇక అంతే. పదింటికల్లా గొడుగు పక్కింటి ప్లంబరు భార్యకిచ్చేసింది. కళ్లజోడు పోస్టుమాన్ చేతిలో పెట్టింది, పాపం అతనికి చూపు బాగానే ఉంది. మధ్యాహ్నం మంచమెక్కి కూతుర్ని పిలిచింది. పనికి సెలవు పెట్టిన కూతురు వచ్చి కాళ్లు పట్టసాగింది.

"ఈ మాట చెప్పకుండా పోలేనే. రెండేళ్ల కిందట రైలు నడిపే ఉద్యోగానికి పరీక్ష రాశావు చూడు..."

"తప్పాను కదమ్మా. ఇప్పుడదెందుకు?"

"తప్పలేదే. రమ్మని ఉత్తరం వచ్చింది. ఎక్కడెక్కడో తిరుగుతావని భయమేసింది. పొయ్యిలో పడేశాను. పోయేదాన్ని, క్షమించవే."

కూతురి చేతులు ఆగిపోయాయి. తనకి బుర్ర లేదనుకుని పుస్తకాలన్నీ పాతసామాన్లవాడికి వేసేసిన పిల్ల అది. ఇస్త్రీపెట్టె కాలిన మచ్చలు రెండు మణికట్లకీ ఉన్నాయి.

"ఎంత పని చేశావమ్మా!" గుమ్మంలోంచి కొడుకు అరిచాడు.

కూతురు ఏడవలేదు, తిట్టలేదు. స్టూలెక్కి అటక మీంచి సంచీ దించింది.

"ఎక్కడికే?" పెద్దావిడ లేచి కూర్చుంది.

"ఆ ఆఫీసుకి. రేపు మొదటి బస్సుకి. ఆ ఉద్యోగం ఇంకా ఉందేమో అడుగుతాను. లేదంటే ఆ ఊళ్లోనే ఏదో పని చూసుకుని మళ్లీ పరీక్ష రాస్తాను."

"నేను పోతుంటేనా!"

"నువ్వెక్కడికీ పోవడం లేదమ్మా," అంది కూతురు, బట్టలు మడతపెడుతూ. "ఆ లేని గుడ్డు నాది."

మర్నాడు పెద్దావిడ నిక్షేపంలా నిద్రలేచింది. కోడలు గుడ్లు ఉడకబెట్టి ముగ్గురికీ తలా ఒకటి వడ్డించింది. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

"ఆ కోళ్లు నన్ను మోసం చేశాయిరా," అంది పెద్దావిడ ముక్కు తుడుచుకుంటూ. "అవి మూడు పెట్టబట్టే కదా నేను నోరు జారింది!"

"నువ్వు నోరు జారతావనే అవి మూడు పెట్టాయమ్మా," అన్నాడు కొడుకు.

పెద్దావిడ గిరుక్కున తిరిగి పెరట్లోని గూటివైపు చూసింది. చచ్చిపోతాననుకున్న రోజున కూడా ఆవిడకి అంత భయం వేయలేదు.