జరిమానాతో పోని తప్పు

ఆ ఎండాకాలం కృష్ణలంక వీధికుళాయికి నీళ్ళు సన్నగా వచ్చేవి. వరస దగ్గర రోజూ ఏదో ఒక గొడవ. వాటిలో ఒకటి కోర్టుదాకా వెళ్ళింది.

తెరేసమ్మ గుంటూరులో నర్సు ట్రెయినింగ్ ముగించి, సర్కారు ఆసుపత్రి ఉద్యోగానికి ఎంపికై, ఆర్డరు కోసం ఎదురుచూస్తోంది. కొండలమ్మది ఎదురిల్లు. బందరు నుంచి వచ్చే చేపలు మార్కెట్లో అమ్ముతుంది. ఆ ఉదయం కొండలమ్మ తన బిందెను వరస తప్పించి ముందుకు జరిపింది.

"నీ నీచుకంపు బిందె అవతల పెట్టు" అంది తెరేసమ్మ.

కొండలమ్మ ఆమె జబ్బ పట్టి లాగింది. తెరేసమ్మ చేతిలోని బిందెను విసురుగా తిప్పింది. చిట్లిన అంచు కొండలమ్మ ముంజేతిని బారుగా కోసేసింది. రక్తం చూసి తెరేసమ్మే కంగారుగా కట్టు కట్టబోయింది. కొండలమ్మ చెయ్యి లాక్కుని, ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని, అటునుంచి అటే పోలీసు స్టేషనుకు వెళ్ళింది.

కొన్నాళ్ళకు సమన్లు వచ్చాయి. తెచ్చిన కానిస్టేబులు మంచివాడే.

"ఏముందమ్మా, తప్పొప్పుకో. జరిమానా వేస్తారు. కట్టేసి ఇంటికి పో. వాయిదాల చుట్టూ తిరిగే బాధ ఉండదు" అన్నాడు.

తల్లి శౌరమ్మకు ప్రాణం కుదుటపడింది. కోర్టులో పక్కన నిలబడే మనిషి ఉంటే మంచిదని గవర్నరుపేటలో ప్లీడరు వెంకటకృష్ణారావుగారి దగ్గరికి కూతుర్ని తీసుకెళ్ళింది. ఆయన కాగితాలు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"జరిమానా కూడా శిక్షేనమ్మా. జైలుకు పోలేదు కాబట్టి శిక్ష పడలేదనుకుంటారు జనం. ఒప్పుకుంటే నువ్వు నేరం చేశావని కోర్టు తీర్పు రాస్తుంది. డబ్బు కట్టినా ఆ తీర్పు పోదు."

"చిన్న గొడవే కదండీ" అంది తెరేసమ్మ.

"ఉత్త చేత్తో కొడితే చిన్నదే. మూడువందల ఇరవైమూడో సెక్షను వేసేవాళ్ళు. నీ బిందెను ఆయుధం కింద రాశారు. ఇది మూడువందల ఇరవైనాలుగు. మూడేళ్ళదాకా వెయ్యొచ్చు. నీకు అంత వెయ్యరనుకో. కానీ ఉద్యోగం ఇచ్చేముందు పోలీసుల్ని అడుగుతారు. శిక్ష పడిందా అని నిన్నూ అడుగుతారు. పడిందంటే ఆర్డరు ఆపెయ్యొచ్చు. దాచిపెడితే, బయటపడిన రోజున ఉద్యోగం తీసేస్తారు."

తెరేసమ్మ ఆ కాగితాలు తీసుకుని తనే మళ్ళీ చదివింది.

"వేరే దారి లేదాండీ?" అని శౌరమ్మ అడిగింది.

"ఆవిడ రాజీకొచ్చి, కోర్టు ఒప్పుకుంటే కేసు పోతుంది. చట్టం దృష్టిలో నిర్దోషిగా విడిచినట్టే. కానీ అది ఆవిడ ఇష్టం. బెదిరించో ఆశపెట్టో తెచ్చేది రాజీ కాదు."

మర్నాడు తెరేసమ్మ చేపల మార్కెట్‌కు వెళ్ళింది. కొండలమ్మ ఎడమచేత్తో తక్కెడ పట్టుకుని తూస్తోంది. కుడిచేతి కట్టు తడిసి నల్లబడింది.

"నా చెయ్యి చూడ్డానికి వచ్చావా, నీ ఉద్యోగం కోసం వచ్చావా?" అంది తలెత్తకుండానే.

"ఉద్యోగం కోసమే పిన్నీ. చెయ్యి చూడ్డానికి ముందే రావాల్సింది. మొహం చెల్లలేదు."

కొండలమ్మ తక్కెడ దించింది.

"చెయ్యి మానుద్ది. నువ్వన్న మాట నా పిల్లలు విన్నారు. మా అత్త కాడ నుంచీ ఈ చేపలే మాకు కూడు. రేపు మాబోటోళ్ళు నీ ఆసుపత్రికొస్తే ముక్కు మూసుకుంటావా? కోర్టులో నిలబడి తప్పు నాదేనని చెప్పు. అప్పుడు రాజీ సంగతి చూద్దాం."

"అక్కడ ఒప్పుకుంటే ఇక రాజీ ఉండదు పిన్నీ. శిక్ష రాసేస్తారు. అది జీవితాంతం నా పేరు మీద ఉంటుందట."

కొండలమ్మకు ఈ సంగతి తెలియదు.

"మా కులపెద్దల కాడ ఒప్పుకుని తప్పు కింద డబ్బు కడితే అయిపోద్ది. మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఇదేం పద్ధతే, ఒప్పుకున్నోళ్ళకే మచ్చంట!"

"కోర్టులో చెప్పలేను. ఇక్కడ చెబుతాను" అని తెరేసమ్మ పక్క బుట్టలవాళ్ళకు వినపడేలా అంది. "నేను అనకూడని మాటన్నాను. బిందెతో కొట్టాను. తప్పు నాదే పిన్నీ."

బేరానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి చూశారు. కొండలమ్మ మళ్ళీ తక్కెడ అందుకుంది. "ఇక పో, నాకు పనుంది" అంది. మర్నాడు కుళాయి దగ్గర, కొండలమ్మ పిల్లల ముందు, తెరేసమ్మ అదే మాట మళ్ళీ చెప్పింది. కొండలమ్మ బిందె నింపుకుని వెళ్ళిపోయింది.

వాయిదా రోజున ఆమె ఏం చెబుతుందో ప్లీడరుగారికీ తెలియదు. పేరు పిలవగానే కొండలమ్మ ముందుకొచ్చి రాజీకి ఒప్పుకుంటున్నానంది. మేజిస్ట్రేటు ఆమె కట్టు వైపు చూశాడు.

"ఎవరైనా బెదిరించారా? డబ్బిచ్చారా?"

"లేదండి. ఆ పిల్ల నలుగుర్లో ఒప్పుకుందండి. నాకది చాలండి."

ఆయన అనుమతించాడు. బయటికొచ్చాక తెరేసమ్మ ఏదో చెప్పబోతే కొండలమ్మ ఆపింది. "వరస తప్పింది నేనేలే" అని బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఉద్యోగపు కాగితాల్లో శిక్ష పడిందా అన్నచోట తెరేసమ్మ లేదని రాసింది. కేసు ఎప్పుడైనా నడిచిందా అని కూడా ఉంది.

"కేసు కొట్టేశారుగా, లేదని రాసెయ్" అంది శౌరమ్మ.

"నడిచింది కదమ్మా" అని, రాజీతో విడుదలైన సంగతి రాసి కోర్టు నకలు జతచేసింది.

తోటివాళ్ళకు ఆర్డర్లు వచ్చాయి. ఆమెకు రాలేదు. వర్షాలు మొదలై, కాలవలకు నీళ్ళు వదిలి, నాట్లు పడ్డాక ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. అక్కడి అధికారి ఆ నకలు చదివి, గొడవ దేనికని అడిగాడు. నీచుకంపు అన్న మాటతో సహా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు. పది రోజులకు గుడివాడ ఆసుపత్రికి ఆర్డరొచ్చింది.

ప్రయాణం ముందురోజు తెరేసమ్మ ఎదురింటికి వెళ్ళి చెప్పింది.

"గుడివాడా? మా చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరే. ఎప్పుడన్నా ఆసుపత్రికొస్తే చూసుకో" అంది కొండలమ్మ, చేపల బుట్ట నెత్తికెత్తుకుంటూ.