రేగళ్ల సింగన్న కత్తి

నేను ఒక కత్తిని. పదమూడో శతాబ్దపు కత్తినని నా పక్కనున్న పలక మీద రాసి ఉంది. దాన్ని చదివి దండం పెట్టేవాళ్లను కాదనడానికి నాకు నోరు లేదు. మీరు తీరికగా నిలబడ్డారు కనుక ఉన్నమాట చెబుతాను. నేను పుట్టింది సున్నపురాయి తోలే ఒక లారీకి కమాను పట్టీగా. ఆ లారీ మోయగలిగినదానికి రెట్టింపు మోసి నడుం విరగ్గొట్టుకున్నాక నన్ను ఊడదీసి, పిడుగురాళ్లలో ఒక షెడ్డు గోడకు ఆనించారు. అక్కడ రెండు వానాకాలాలు తుప్పుపట్టాను.

అంకాలు వచ్చి అడక్కపోతే ఇప్పటికి ఏ ఇంటి గేటుకో గడియనై ఉండేదాన్ని. అంకాలుది వీరగాథలు చెప్పే కుటుంబం. ఏటా కార్తీకంలో రేగళ్ల వీరుల గుడి ముందు, పొద్దెక్కాక మొదలుపెట్టి పొద్దువాలేలోగా సింగన్న కథ చెప్పడం వాళ్లకు తాతల నాటి నుంచి వస్తున్న హక్కు. ఆ ఏడు కథ మధ్యలో అతని పాత కత్తి పిడి దగ్గర విరిగిపోయింది. అదీ సింగన్న పట్టినది కాదట. అంకాలు ముత్తాత సంతలో కొన్నాడట. ఆ మాట అంకాలే నవ్వుతూ చెప్పేవాడు.

కమ్మరి వీరాచారి నన్ను కొలిమిలో పెట్టే ముందు, ఎవరిని నరకడానికని వేళాకోళమాడాడు.

"నరికేదానికి కాదు ఆచారీ, కింద పెట్టేదానికి," అన్నాడు అంకాలు. "నేలమీద పెడితే వెనకమాల కూర్చున్న ముసలమ్మకు గూడా వినపడాల."

అందుకే నన్ను బరువుగా చేశాడు. అంచుకు పదును పెట్టలేదు. ఈనాటికీ నాతో వంకాయ తెగదు.

ఇంతకీ సింగన్న కథ ఏమిటో చెప్పాలి. రేగళ్లకోటను ఏలిన కామభూపతి దగ్గర సింగన్న నలభై గుర్రాలకు నాయకుడు. దూసిన కత్తిని నేల తాకనివ్వనని ఒట్టు పెట్టుకున్నవాడు. శత్రువు కోటను చుట్టుముట్టినప్పుడు కామభూపతి రాణులతోనూ పెట్టెలతోనూ సొరంగంలో నుంచి జారుకున్నాడు. చివరి మనిషి దాకా పోరాడమని సింగన్నకు కబురు మాత్రం పెట్టాడు. అట్లాంటి కబురు ఎప్పుడూ సొరంగం అవతల నుంచే వస్తుంది. కోటలో మిగిలింది మూడు వందల మంది కుమ్మరులు, సాలెలు, గొల్లలు, పిల్లాజెల్లా. బావి ఎండిపోయింది. పదకొండో రోజున సింగన్న ఒక్కడే బయటికి వచ్చాడు. శత్రు సేనాని ముందు కత్తి దూసి, అందరూ చూస్తుండగా దాన్ని నేలమీద పెట్టాడు. నా ఒట్టు పోతే పోయింది, వీళ్లను పోనివ్వమన్నాడు. మూడు వందల మందీ దాటేదాకా ఎండలో తల వంచుకొని నిలబడ్డాడు. అందరికన్నా చివర ఒక ముసల్ది మేకను లాక్కుంటూ పోయిందట. ఆ తర్వాత సింగన్న కత్తి పట్టలేదు. ఎక్కడో గోదావరి అవతల గొర్రెలు కాచాడంటుంది కథ. తిరిగొచ్చిన కామభూపతి, సింగన్న పేరెత్తితే నాలుక కోస్తానని చాటింపు వేయించాడు. పేరెత్తవద్దన్నారు కనుక జనం పాటగా పాడుకున్నారు.

ఇరవై ఎనిమిదేళ్లు అంకాలు నన్ను ఆ నేలమీద పెట్టాడు. ఆ ఒక్కచోటికి వచ్చేసరికి పంబ వాద్యం మోత ఆగిపోయేది. అతను వంగి నన్ను కింద పెట్టగానే ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. మగవాళ్లు తుడుచుకునేది చెమటట. మోకాళ్లు సహకరించక అంకాలు కూర్చుండిపోయాక, అతని కూతురు నాంచారమ్మ గజ్జె కట్టింది. ఆడకూతురు వీరుడి కథ చెప్పడమేమిటని ఊళ్లో ఒక ఏడాది గొణిగారు. రెండో ఏడాది ఆమె కింద పెట్టినప్పుడు మళ్లీ అందరికీ చెమట పట్టింది. గొణుగుడు ఆగిపోయింది.

అప్పుడు సినిమావాళ్లు వచ్చారు.

దర్శకుడి పేరు శశికాంత్. మంచి మనిషే. అంకాలు ఇంటి ముందు చాప మీద కూర్చుని, మధ్యాహ్నమంతా నాంచారమ్మ నోట కథ విన్నాడు. ఆమె నన్ను కింద పెట్టినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇరవై ఏళ్లలో ఇట్లాంటి ఘట్టం వినలేదన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, ఈ ఘట్టం ఒక్కటి మారుద్దామన్నాడు. ఎందుకని అంకాలు అడిగితే చాలా ఓపికగా వివరించాడు. కథానాయకుడు కత్తి దించితే హాలులో అభిమానులు కుర్చీలు విరుస్తారట. ఏడ్చినవాడికే నమ్మకం లేకపోతే కుర్చీలేం చేస్తాయి?

నమూనా కోసమని నన్ను నాలుగు నెలలు పట్నం తీసుకుపోయారు. పూజ రోజున హీరోగారు నన్ను పైకెత్తి ఫొటో దిగారు. ఫొటోగ్రాఫరు ఇంకొక్కటి అనేసరికి ఆయన మణికట్టు బెణికింది. మర్నాటి నుంచి నా బదులు రబ్బరు కత్తులు పన్నెండు తయారుచేయించారు. తెరమీద కొండంత సైన్యాన్ని చీల్చినది ఆ రబ్బరు చెల్లెళ్లే. నేను ఒక పెట్టెలో పడుకున్నాను. మణికట్టు సంగతి మాత్రం, హీరోగారు యుద్ధ సన్నివేశంలో గాయపడి కూడా షూటింగు ఆపలేదని పత్రికల్లో వచ్చింది.

సినిమా విడుదలయ్యాక తండ్రీకూతుళ్లకు ఉచితంగా రెండు టిక్కెట్లు ఇచ్చారు. తెరమీద సింగన్న ఏనుగు తొండం పట్టుకుని గాల్లోకి లేచాడట, ఎనిమిది వందల మందిని నరికాడట, మధ్యలో మంచుకొండల మీద రాకుమారితో పాట పాడాడట. కోటలోని మూడు వందల మంది జాడ లేదు. కామభూపతి మటుకు సింహాసనం మీద కన్నీళ్లు పెట్టుకునే పెద్దమనిషయ్యాడు. ఇంటర్వెల్లులో అంకాలు కూతురి వైపు వంగి, "మన సింగన్న ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగాడట. నాంచారమ్మ ఈ మాట ఇంటికొచ్చి చెప్పి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వానాకాలంలోనే అంకాలు పోయాడు.

కార్తీకం వచ్చేసరికి రేగళ్ల పోల్చుకోలేనట్టు మారిపోయింది. చొక్కాల మీద సింగన్న, ఆటోల వెనక సింగన్న. అందరిదీ హీరోగారి ముఖమే. గుడి ముందు పన్నెండడుగుల బొమ్మకు పునాది తవ్వారు. బొమ్మ చేతిలోని కత్తి ఆకాశానికి లేచి ఉంటుందట. తిరనాళ్ల ముందురోజు ఉత్సవ కమిటీ అధ్యక్షుడు పూర్ణయ్య నాంచారమ్మ ఇంటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే భయపడే పెద్దమనిషి. కుర్రాళ్లు వేడిమీదున్నారనీ, సినిమాలో లేనిది చెబితే ఊరుకోరనీ, ఆ ఒక్కచోట సర్దుకోమనీ బతిమాలాడు.

"మా నాయన నాకిచ్చింది ఆ ఒక్కచోటేనండీ," అంది నాంచారమ్మ. "మిగతాదంతా ఎవరైనా పాడతారు."

పూర్ణయ్య కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తుడిచింది. నా మీద అప్పటికి మురికేమీ లేదు. ఆమె చేతులకేదో పని కావాలి.

మర్నాడు జనం ఎప్పుడూ రానంత వచ్చారు. ఏడుపుకు కాదు, ఈలలకు వచ్చారు. పదకొండో రోజు ఘట్టంలో పంబ ఆగింది. నాంచారమ్మ వంగి నన్ను నేలమీద పెట్టింది. వీరాచారి చేసిన మోత వెనక వరుస దాకా వెళ్లింది. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.

భార్గవ్ అనే కుర్రాడు లేచి వచ్చాడు. ముంజేతి మీద సింగన్నను పచ్చబొట్టు పొడిపించుకున్నవాడు. నన్ను రెండు చేతులా ఎత్తి ఆమె చేతికిచ్చాడు.

"దించబాకమ్మా. మా సింగన్న దించడు."

గొంతులో కోపం కన్నా ప్రార్థనే ఎక్కువుంది. నాంచారమ్మ నన్ను అందుకుంది. అదే చరణం మళ్లీ ఎత్తుకుంది. అదే చోట మళ్లీ కింద పెట్టింది. అతను మళ్లీ వచ్చి ఎత్తాడు. ఈసారి ఆమెకు ఇవ్వకుండా తనే పైకి పట్టుకున్నాడు, బొమ్మలో ఉండబోయేటట్టు. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఫోనులన్నీ పైకి లేచాయి. పూర్ణయ్య కుర్చీలోంచి లేచి, ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. నాంచారమ్మ కదల్లేదు. పాడలేదు. ఖాళీ చేతులతో అట్లాగే అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ముందు వరుసలో ఉన్న భార్గవ్ నాయనమ్మ పేరమ్మ కర్ర ఊతంగా లేచింది. కుమ్మరి వీధి మనిషి.

"ఒరే, ఆయన దించబట్టే గదరా నువ్వు పుట్టింది," అంది. "ఆ మూడొందల్లో మనోళ్లుండారు. ఆయన దించకపోతే ఈ వీధిలో పొయ్యి ఎలిగేదా? దాన్ని ఆడబెట్టి కూకో."

ఈలలు ఆగాయి. భార్గవ్ నన్ను ఎత్తి పట్టుకునే ఉన్నాడు. దించితే తోటివాళ్ల ముందు తలవంపు, దించకపోతే నాయనమ్మ. అతని మోచేతులు అదరడం నాకు తెలుస్తోంది. చెమట పచ్చబొట్టు మీదుగా కారి నా పిడికి తగిలింది. వీరుడి కత్తిని ఎత్తిపట్టుకోవడం కన్నా, అందరూ చూస్తుండగా దించడానికి ఎంత బలం కావాలో ఆ ఊళ్లో ఆ క్షణాన తెలిసినవాడు అతనొక్కడే అనుకుంటాను. చివరికి వంగాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. వెళ్లి నాయనమ్మ పక్కన నేలమీద కూర్చున్నాడు. నాంచారమ్మ మిగతా కథ చెప్పింది. మేకను లాక్కుపోయిన ముసల్ది రాగానే పేరమ్మ గట్టిగా ముక్కు చీదింది.

ఇంతటితో అయిపోయుంటే బాగుండేది. మరునాటికి ఫోనుల్లో తిరిగిన వీడియోలో నాంచారమ్మ దించడం మాత్రమే ఉంది, భార్గవ్ దించడం లేదు. వీరుడికి అవమానం జరిగిందని ఊరేగింపులు లేచాయి. సింగన్న మావాడంటే మావాడని అంతవరకు పోట్లాడుకున్న రెండు సంఘాలు, ఆయన కత్తి దించలేదన్న ఒక్క విషయంలో ఏకమయ్యాయి. మనోభావాలు దెబ్బతిన్నాయని ఇద్దరూ ఒకే దరఖాస్తు రాయించి, సంతకం ముందు ఎవరు పెట్టాలన్నదాని మీద మళ్లీ కొట్టుకున్నారు. శాంతిభద్రతల దృష్ట్యా పోలీసులు నన్ను మారణాయుధంగా స్వాధీనం చేసుకున్నారు. నా జీవితంలో నన్ను అంత గౌరవించినవాళ్లు లేరు.

మరుసటి కార్తీకానికి కమిటీ నాంచారమ్మను పిలవలేదు. లేజరు వెలుగుల ప్రదర్శన పెట్టించారట. భార్గవ్ వెళ్లి ఆమెనే పిలవమని పూర్ణయ్యను అడిగాడనీ, ఆయన నేల చూపులు చూశాడనీ విన్నాను.

నన్ను జిల్లా మ్యూజియానికి పంపారు. ఒక ఆచార్యుడు వచ్చి గోటితో మీటి, పదమూడో శతాబ్దపు ఉక్కని తేల్చాడు. వాంగ్మూలానికి పిలిపించిన నాంచారమ్మ, అది తన తండ్రి లారీ పట్టీతో చేయించినదని చెప్పింది. ఆయన చిరునవ్వు నవ్వి, జనశ్రుతి వేరు, శాస్త్రం వేరమ్మా అన్నాడు. పిడి కింద అచ్చయి ఉన్న లారీ కంపెనీ నంబరును ప్రాచీన లిపి అనుకుని అచ్చు తీసుకున్నాడు కూడా. దానిమీద ఇంకా పరిశోధన జరుగుతోంది.

రెండేళ్ల తర్వాత ఒక శుక్రవారం నాంచారమ్మ చూడటానికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. గదిలో ఎవరూ లేరు. నన్ను ఉంచిన అద్దాల పెట్టె ముందు కాసేపు నిలబడి, ఎవరికీ వినిపించనంత మెల్లగా మొదటి చరణం అందుకుంది. కాపలా మస్తాన్ వచ్చాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ పాడకూడదని చెప్పడానికే వచ్చాడు, కానీ చరణం పూర్తయ్యేదాకా ఆగాడు. తర్వాత ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. పంబ లేకుండా, గజ్జె లేకుండా, మూడు వందల మందీ దాటేదాకా చెప్పింది.

మస్తాన్ అద్దాల పెట్టెకు దగ్గరగా వచ్చి నన్ను చూశాడు.

"ఇరవై రెండేళ్లు తుపాకి మోశానమ్మా," అన్నాడు. "ఎత్తమనే కథలు చానా చెప్పారు. ఇది మాత్రం ఎవరూ చెప్పలా."

తలుపు దగ్గరున్న తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. పై శుక్రవారం కూడా వస్తే తన భార్యను తీసుకొస్తానన్నాడు. నాంచారమ్మ వస్తానంది. మస్తాన్ వెళ్లి, పాడరాదని రాసి ఉన్న బోర్డును గోడవైపు తిప్పి పెట్టాడు.