తీయడమంటే తీయడమే

పొద్దున్నే పెద్దమ్మ స్టూడియో తెరిచి, గోడమీది ఫోటోల దుమ్ము దులపడం ఆమె చెల్లెలి కూతురి పని. ఒక ఫోటో దగ్గుతుంది, ఒకటి ఎక్కిళ్ళు పెడుతుంది, మూలనున్నది పంటినొప్పితో మూలుగుతుంది. అన్నీ పెద్దమ్మ తీసినవే. పెద్దమ్మ ఫోటో తీసిందంటే తీసినట్టే: జబ్బు ఫోటోలోకి పోతుంది, మనిషి హాయిగా ఇంటికి పోతాడు. గురి తప్పితే మాత్రం తీయకూడనిది వచ్చేస్తుంది. పక్కవీధి ఫోటోగ్రాఫరు ఒకాయన తలనొప్పి తీయబోయి ఆయన పేరే తీసేశాడు. పాపం, ఆయన్ని ఇప్పుడు ఊరంతా 'ఏమండీ' అనే పిలుస్తోంది.

పెద్దమ్మ ఫోటోలంటే ఆ పిల్లకు ప్రాణం. తను కెమెరా పట్టినప్పుడల్లా, పెద్దమ్మయితే ఎక్కడ నిలబడేది, కిటికీ ఎంత తెరిచేది అనే ఆలోచనే. అందుకే ఆ పిల్ల తీసినవి అచ్చం పెద్దమ్మ ఫోటోల్లాగే ఉంటాయి. కానీ ఒక్కటీ దగ్గదు.

ఆ రోజు పెద్దమ్మకే ఆయాసం ముంచుకొచ్చింది. మందు పీల్చినా తగ్గలేదు. కుర్చీలో కూలబడింది, పెదాలు నల్లబడుతున్నాయి.

"తీయవే," అంది.

"నా వల్ల కాదు పెద్దమ్మా. ఆయాసం తీయబోయి ఊపిరి తీస్తే?"

"తీయకపోయినా... పోయేదేగా."

పిల్ల కెమెరా ఎత్తింది. పెద్దమ్మయితే ఎడమనుంచి తీసేదా, ఎదురుగానా? చెమటకు వేలు జారుతోంది. కుర్చీలో ఊపిరి ఈల వేస్తోంది, మధ్యమధ్య ఆగిపోతోంది కూడా.

పెద్దమ్మ పక్కనున్న తన పాత కెమెరా అందుకుంది. పిల్లవైపు గురిపెట్టి నొక్కింది.

"నా భయం తీశావా?"

పెద్దమ్మ అడ్డంగా తలూపి, గోడ చూడమంది.

చూసింది. మామూలు ఫోటోలు. ఒకదాంట్లో వెలుతురు ఎక్కువైంది, ఒకదాంట్లో మోచెయ్యి తెగిపోయింది. ఇన్నేళ్ళూ ఏం చూసి మురిసిపోయిందో ఎంత వెతికినా దొరకలేదు; ఆ మురిపెం పెద్దమ్మ కెమెరాలోకి పోయింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కిటికీ సగం మూసింది. నేలమీద చతికిలబడి, పెద్దమ్మ ఎన్నడూ ఎవరికీ వెళ్ళనంత దగ్గరికి జరిగి, ఆమె ఊపిరి తన మొహానికి తగిలేదాకా ఆగి, నొక్కింది.

కెమెరాలో ఈల మొదలైంది. కుర్చీలో చప్పుడు లేదు.

పిల్ల కెమెరా దించలేకపోయింది. అప్పుడు పెద్దమ్మ ఛాతీ మెల్లగా పైకి లేచింది. నిండుగా గాలి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చింది.

"ఇప్పుడు నిజం చెప్పు. నా ఫోటోలు ఎలా ఉన్నాయే?"

పిల్ల కళ్ళు తుడుచుకుని గోడంతా ఓసారి చూసింది.

"ఒకటో రెండో బాగున్నాయి పెద్దమ్మా."

పెద్దమ్మ పడీపడీ నవ్వింది. ఎంత నవ్వినా ఆయాసం రాలేదు.